కోహెన్ గారూ, మీ క్షమాపణ అందింది

న్యూయార్క్ మెట్స్ బేస్‌బాల్ జట్టు యజమాని స్టీవ్ కోహెన్ గారికి,

నమస్కారం.

మన జట్టు ప్లేఆఫ్స్‌కు చేరకుండానే సీజన్ ముగిసిన మర్నాడు, 2025 సెప్టెంబరు 29న, మీరు మా అందరినీ క్షమాపణ అడిగారు. అభిమానులు తమ వంతు చేశారు, మేమే మా వంతు చేయలేకపోయాం అన్నారు. ఆ మాటను ఎవరో ప్రతినిధి చేత చెప్పించకుండా మీరే చెప్పినందుకు గౌరవం కలిగింది. ఇంత చెప్పాక జవాబు ఇవ్వకపోతే మర్యాద కాదనిపించి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, ఇంగ్లీషులో మిమ్మల్ని తిట్టడానికి న్యూయార్క్‌లో మనుషులకు కొరత లేదు. నా కడుపుమంట మాత్రం తెలుగులో పుట్టింది, తెలుగులోనే చల్లారాలి. పైగా ఇది మీ ఒక్కరి కోసమూ కాదు. ఎడిసన్‌లో, క్వీన్స్‌లో క్రికెట్‌తో పాటు బేస్‌బాల్‌నూ తలకెత్తుకున్న తెలుగువాళ్లు ఉన్నారు. "అన్ని కోట్లు పోసి ఎలా ఓడిపోయారు?" అని విజయవాడ నుంచి ఫోను చేసి మరీ అడిగే మా పెదనాన్న కొడుకు ఉన్నాడు. వాళ్లకూ లెక్క చెప్పాలి కదా.

ముందు ఆ ఆదివారం సంగతి. సెప్టెంబరు 28, మయామి. ఆ రోజు గెలిస్తే చాలు, మనం ప్లేఆఫ్స్‌లో ఉంటాం. మనతో పోటీ పడుతున్న సిన్సినాటి అదే సమయంలో మిల్వాకీ చేతిలో ఓడిపోయింది కూడా. అంటే తలుపు తీసి, దీపం పెట్టి, పీట వేసి పిలిచారు. మనం 4-0 తేడాతో ఓడిపోయాం. ఒక్క పరుగు లేదు. నాలుగో ఇన్నింగ్స్‌లో మయామి నాలుగు పరుగులు చేసింది. ఐదో ఇన్నింగ్స్‌లో మూడు బేసులూ నిండి ఉండగా పీట్ అలాన్సో బ్యాటు నుంచి బంతి తూటాలా వెళ్లింది, వెళ్లి సరిగ్గా లెఫ్ట్ ఫీల్డర్ చేతిలో పడింది. మా ఇంట్లో లేచి నిలబడిన ముగ్గురం అలాగే నిలబడి ఉండిపోయాం. కాసేపటికి మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి అవసరం లేకపోయినా గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. మా ఇంట్లో మ్యాచ్ అయిపోయిందనడానికి అదే గుర్తు. తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా ఆగనక్కర్లేదు.

చివరికి మనకూ సిన్సినాటికీ 83 విజయాలు, 79 ఓటములు. సమానమైతే ఈ ఏడాది ఒకరితో ఒకరు ఆడిన మ్యాచ్‌లు చూస్తారు. ఆ ఆరింటిలో నాలుగు వాళ్లవి. మన ఖర్చులో సగం కూడా లేని జట్టు ముందుకు వెళ్లింది, మనం ఇంటికి వచ్చాం.

మీరు 2020లో వచ్చారు కనుక మయామి అంటే మాకెంత భయమో మీకు తెలిసి ఉండకపోవచ్చు. నేను ఈ దేశానికి 2007లో వచ్చాను. జాక్సన్ హైట్స్‌లో నలుగురం కలిసి ఉన్న గది కిటికీలోంచి ఏడో నంబరు రైలు కనిపించేది. సాయంత్రాల్లో ఆ రైలు నీలం, నారింజ రంగుల చొక్కాలతో నిండిపోయేది. వీళ్లంతా ఎక్కడికి వెళ్తున్నారో చూద్దామని ఒకరోజు ఎక్కాను. అదే నా చదువు. ఆ ఏడాది ఇంకా 17 మ్యాచ్‌లు ఉండగా మనం ఏడు మ్యాచ్‌ల ఆధిక్యంలో ఉన్నాం. చివరి ఆదివారం మయామికి చెందిన మార్లిన్స్ జట్టే వచ్చింది. టామ్ గ్లావిన్ అంతటి పిచర్ (క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు) ఒక్క బ్యాటర్‌ను మాత్రమే అవుట్ చేసి ఏడు పరుగులు ఇచ్చాడు. సీజన్ అక్కడే పోయింది. మరుసటి ఏడాది, 2008 సెప్టెంబరు 28న, మళ్లీ చివరి ఆదివారం, మళ్లీ మార్లిన్స్. ఆ ఓటమితోనే షే స్టేడియాన్ని మూసేశారు. పదిహేడేళ్ల తర్వాత మళ్లీ అదే తేదీ, అదే జట్టు, ఆదివారమే. నాకు జాతకాల మీద నమ్మకం లేదు. కానీ వచ్చే ఏడాది పట్టికలో చివరి వారానికి ఎవరున్నారో చూసేటప్పుడు మాత్రం గుండె దడదడలాడుతుంది.

ఓడినందుకు కోపమొచ్చి రాస్తున్నానని అనుకోవద్దు. మన జట్టు పుట్టుకే ఓటమితో మొదలైంది. 1962లో మొదటి సీజన్: 40 విజయాలు, 120 ఓటములు. అయినా జనం వచ్చారు. ఏడేళ్లకు 1969లో ప్రపంచ కప్పు లాంటి వరల్డ్ సిరీస్ గెలిచారు. 1986లో ఇంకోసారి. అంతే. ముప్పై తొమ్మిదేళ్లయింది. ఆ మధ్య 2000లో, 2015లో ఆఖరి మెట్టు దాకా వెళ్లి జారిపడ్డాం. మెట్స్ అభిమానికి ఓటమి కొత్త కాదు, అది ఇంట్లో మనిషి.

మాకు కొత్తగా వచ్చింది డబ్బు. మీకంటే ముందున్న యజమానులు బెర్నీ మేడాఫ్ పెట్టుబడుల మోసంలో చిక్కుకున్నాక జట్టు చేతులు ముడుచుకుని బతికింది. దేశంలోనే అతిపెద్ద నగరంలో ఉండి, చిన్న ఊరి జట్టులా చిల్లర లెక్కపెట్టుకున్నాం. బాబీ బొనీయా అనే ఆటగాడికి 2000లో ఇవ్వాల్సిన 59 లక్షల డాలర్లను వడ్డీతో వాయిదా వేయడం వల్ల 2011 నుంచి 2035 దాకా ప్రతి జూలై 1న దాదాపు 12 లక్షల డాలర్లు కడుతున్నాం. ఊరంతా ఏటా ఆ రోజును పండుగలా చేసుకుని నవ్వుతుంది. అలాంటి ఇంటికి మీరు 2020 నవంబరులో దాదాపు 240 కోట్ల డాలర్లు పెట్టి వచ్చారు. ఆ రోజు నేను ఇంట్లో కొబ్బరికాయ కొట్టాను. సగం చెక్క కుళ్లింది. మా అమ్మ ఫోనులో, ఏమీ కాదు, అదీ మంచిదే అంది. అమ్మలు అలాగే అంటారు.

మిమ్మల్ని ఇక్కడి వాళ్లు అంకుల్ స్టీవ్ అంటారు. మా భాషలో అంకుల్ అంటే కుదరదు. బాబాయో, పెదనాన్నో, మామయ్యో తేల్చాలి. మేమంతా ఆలోచించి మిమ్మల్ని మేనమామ అనుకున్నాం. అడగకుండానే గొలుసు చేయించేవాడు, బట్టలు పెట్టేవాడు మేనమామే కదా. మొదటి రోజే మీరు ఒక మాట అన్నారు: మూడు నుంచి అయిదేళ్లలో వరల్డ్ సిరీస్ గెలవకపోతే కాస్త నిరాశ పడతానని. మేనమామ మాట ఇచ్చాడని సంబరపడ్డాం. వచ్చే నెలతో ఆ అయిదేళ్లు నిండుతాయి.

మా పెదనాన్న కొడుకు అడిగిన ప్రశ్నకు ఇక్కడ జవాబు చెప్పాలి. ఐపీఎల్‌లో అన్ని జట్లకూ ఒకే పర్సు. 2025 వేలానికి ఒక్కో జట్టుకు 120 కోట్ల రూపాయలు. అంబానీ అయినా, ఇంకెవరైనా అంతకు మించి పెట్టడానికి లేదు. బేస్‌బాల్‌లో అలాంటి గీత లేదు, పన్ను మాత్రమే ఉంది. ఈ ఏడాది జీతాలు 24 కోట్ల 10 లక్షల డాలర్లు దాటితే పన్ను మొదలవుతుంది. 30 కోట్ల 10 లక్షల దగ్గర ఇంకో గీత ఉంది. మీరు వచ్చాక, మీలాంటి వాళ్లను ఆపడానికే పెట్టిన గీత అని దాన్ని జనం కోహెన్ పన్ను అంటారు. వరుసగా మూడో ఏడు, ఆపైన కూడా పన్ను కట్టేవాళ్లు ఆ గీత దాటితే, దాటిన ప్రతి డాలరుకూ ఒక డాలరు పది సెంట్ల పన్ను కట్టాలి. అంటే ఆ ఎత్తులో ఒక ఆటగాడికి పది ఇస్తే ప్రభుత్వానికి కాదు, లీగుకు ఇంకో పదకొండు ఇచ్చుకోవాలి. మీరు ఆ గీతను చూసి నవ్వి దాటారు. ఈ ఏడాది మీకంటే ఎక్కువ ఖర్చుపెట్టింది లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ ఒక్కరే. హువాన్ సోటో ఒక్కడికే పదిహేనేళ్లకు 76 కోట్ల 50 లక్షల డాలర్లు. ఏడాదికి లెక్కవేసి రూపాయల్లోకి మారిస్తే నాలుగు వందల కోట్లు దాటుతుంది. ఆ డబ్బుతో మూడు ఐపీఎల్ జట్లను నింపి ఇంకా చిల్లర మిగుల్చుకోవచ్చు. ఇది విన్నాక మా వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి బౌలర్లను ఎవరిని కొన్నారు?" అన్నాడు.

బేస్‌బాల్ చూడని మనిషి, విజయవాడలో కూర్చుని, ఒక్క ప్రశ్నలో పట్టేశాడు. మీకు నేను రాయదలచుకున్నదీ అదే.

సోటో మీద నాకు ఒక్క ఫిర్యాదు లేదు. 43 హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్సర్ల లాంటివి) కొట్టాడు, ఏడాదికి పన్నెండుకు మించి ఎన్నడూ దొంగిలించని వాడు 38 బేసులు దొంగిలించాడు, అంటే పిచర్ బంతి విసిరే సందులో పరుగెత్తి తర్వాతి బేసు పట్టేశాడు. ఫ్రాన్సిస్కో లిండోర్ 31 కొట్టి 31 దొంగిలించాడు. అలాన్సో 38 హోమ్ రన్లు, 126 పరుగుల రాబడి. ముగ్గురూ ఇంతగా ఆడిన జట్టు ప్లేఆఫ్స్‌కు వెళ్లలేదంటే తప్పు బ్యాటుది కాదు. జూన్ 12న మనకు 45 విజయాలు, 24 ఓటములు. మొత్తం లీగులో అంతకు మించిన జట్టు లేదు. ఆ రోజే మన ముఖ్య పిచర్ కొడాయ్ సెంగా మొదటి బేసు దగ్గరికి పరుగెత్తి, ఎత్తుగా వచ్చిన బంతి కోసం ఎగిరి, తొడ కండరం పట్టేసి పడిపోయాడు. ఆ మర్నాటి నుంచి వరుసగా ఏడు ఓటములు. మిగిలిన సీజనంతా కలిపి 38 విజయాలు, 55 ఓటములు. ఒక మనిషి కండరం మీద మొత్తం జట్టు నిలబడి ఉందని ఆ రోజు దాకా మాకు తెలియదు. మీకు తెలియాల్సింది.

కిందటి చలికాలంలో సోటో కోసం ఖజానా తెరిచిన చేత్తోనే పిచర్ల దగ్గర బేరాలాడారు. న్యూయార్క్‌లోనే ఇంకో జట్టులో చివరి ఇన్నింగ్స్ వేసే క్లే హోమ్స్‌ను తెచ్చి మొదటి నుంచి విసరమన్నారు. పాపం, అతను నిలబడ్డాడు, అది వేరే సంగతి. ఫ్రాంకీ మోంటాస్‌కు రెండేళ్లకు 3 కోట్ల 40 లక్షలు ఇచ్చారు; అతను ఆలస్యంగా వచ్చి, దెబ్బలు తిని, చివరికి మోచేతి శస్త్రచికిత్సకు వెళ్లాడు. షాన్ మనాయా సగం సీజన్ గాయంతో కూర్చున్నాడు. గ్రిఫిన్ కానింగ్ మడమ నరం తెగింది. పట్టుచీరకు అడిగినంతా ఇచ్చి, రవిక గుడ్డ దగ్గర కొట్టువాడితో గంటసేపు పోట్లాడినట్లు ఉంది ఇది. పెళ్లిలో అందరూ దేన్ని చూస్తారో మా ఇంటి ఆడవాళ్లను అడగండి.

గాయాలు దురదృష్టం అంటారేమో. ఒక్కొక్కటీ దురదృష్టమే. కానీ పిచర్ చేయి విరగడం అనేది బేస్‌బాల్‌లో వానాకాలంలో వాన లాంటిది. ఎప్పుడు పడుతుందో చెప్పలేం కానీ పడుతుందని తెలుసు. పైకప్పు వేసుకోవాలి. మీరు జూలై చివర్లో గొడుగులు కొన్నారు. ర్యాన్ హెల్స్‌లీ అనే పిచర్‌ను తెచ్చారు. మన దగ్గర అతను ఇచ్చిన పరుగుల సగటు తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఏడు పరుగులు దాటింది. అప్పటికి మన దగ్గరే, కింది స్థాయి జట్లలో, నోలన్ మెక్‌లీన్ అనే కుర్ర పిచర్ ఎదురుచూస్తున్నాడు. ఆగస్టు మధ్యలో వేరే దారి లేక అతన్ని పిలిస్తే, ఎనిమిది మ్యాచ్‌ల్లో అయిదు గెలిపించాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం విన్నాను కానీ, ఆకులు పెరట్లోనే ఉండగా చేతులు కాల్చుకోవడం మీ దగ్గరే చూశాను.

ఇంకొక లెక్క ఉంది. అది రాయడానికి నాకు చేయి రావడం లేదు. ఈ ఏడాది ఎనిమిది ఇన్నింగ్స్ ముగిసేసరికి మనం వెనుకబడి ఉన్న మ్యాచ్‌లు 70. వాటిలో గెలిచినవి: సున్నా. డెబ్బైసార్లు, కోహెన్ గారూ. 76 కోట్ల డాలర్ల సోటో, 34 కోట్ల డాలర్ల లిండోర్, జట్టు చరిత్రలో అందరికంటే ఎక్కువ హోమ్ రన్లు కొట్టిన అలాన్సో, ఒక్కసారంటే ఒక్కసారి కూడా తొమ్మిదో ఇన్నింగ్స్‌లో తిరగబడలేదు. ఎందుకో నాకు తెలియదు. కోచ్‌లకు తెలిసి ఉంటుందనుకున్నాను, వాళ్లను ఈ నెల మొదట్లో పంపేశారు. పిచింగ్ కోచ్ జెరెమీ హెఫ్నర్, బ్యాటింగ్ కోచ్‌లు ఎరిక్ చావెజ్, జెరెమీ బార్న్స్. మేనేజర్ కార్లోస్ మెండోసాను ఉంచారు, కొనుగోళ్లు చేసిన డేవిడ్ స్టెర్న్స్‌ను ఉంచారు. ఇద్దరి మీదా నాకు ద్వేషం లేదు. కానీ సాంబారు ఉప్పయితే గరిటెను పారేసే ఇల్లు నేను ఇంతవరకు చూడలేదు.

కిందటేడు ఇదే జట్టు పేరుతో ఆడినవాళ్లు వేరే మనుషుల్లా ఉండేవారు. 2024 జూన్ మొదట్లో గెలిచిన వాటికంటే ఓడినవి పదకొండు ఎక్కువ. అందరూ చేతులెత్తేశారు. తర్వాత ఏమయిందో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. బర్గర్ల కంపెనీ వాళ్ల ఊదారంగు బొమ్మ గ్రిమేస్ వచ్చి మొదటి బంతి విసిరిందని, అప్పటి నుంచి గెలుపులు మొదలయ్యాయని జనం నమ్మారు. నేనూ నమ్మాను. ఫ్లషింగ్ బౌన్ వీధిలోని వినాయకుడి గుడి మన స్టేడియానికి దగ్గరే. ఆదివారం పొద్దున దర్శనం, కింద క్యాంటీన్‌లో దోసె, ఆపైన మెయిన్ స్ట్రీట్‌లో ఏడో నంబరు ఎక్కి ఒక్క స్టేషన్ వెళితే మ్యాచ్. ఏనుగు తల దేవుడికి దండం పెట్టుకుని వచ్చినవాడికి ఊదారంగు బొమ్మను నమ్మడం ఏమంత కష్టం? అక్టోబరు 3న మిల్వాకీలో, ఇంకో రెండు అవుట్లయితే ఇంటికే అన్నప్పుడు, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో అలాన్సో మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. మా అమ్మాయి ఆ రోజు అరిచిన అరుపుకు పక్కింటి గుజరాతీ పెద్దాయన తలుపు తట్టి, అంతా క్షేమమేనా అని అడిగారు.

అప్పుడు సోటో లేడు. కప్పు కూడా రాలేదు, డాడ్జర్స్ దగ్గర ఆగిపోయాం. అయినా ఆ నెలను మేమింకా చెప్పుకుంటాం. ఈ ఏడాది మ్యాచ్‌లకు 31 లక్షలకు పైగా జనం వచ్చారు. ఇంటికెళ్లి చెప్పుకోవడానికి వాళ్లకు ఏమిచ్చారు? నేను చివరిగా వచ్చింది సెప్టెంబరు 21న, సొంత మైదానంలో ఆఖరి మ్యాచ్‌కు. పట్టికలో అడుగున ఉన్న వాషింగ్టన్‌తో 3-2 తేడాతో ఓడిపోయాం. వాళ్ల సెంటర్ ఫీల్డర్ జేకబ్ యంగ్ చేతిలోంచి జారిన బంతిని కాలితో పైకి తన్ని మళ్లీ పట్టుకున్నాడు. మన స్టేడియంలో ఆ రోజు చూసిన గొప్ప ఆట అదొక్కటే, అది కూడా అవతలివాడిది. నా పక్కన కూర్చున్న పెద్దావిడ, తన చొక్కా మీద పాతకాలపు మెట్స్ పిచర్ సీవర్ పేరు ఉంది, లేచి అతనికి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. తర్వాత ఇద్దరం సిగ్గుపడ్డాం.

2023ను తవ్వి మిమ్మల్ని నొప్పించడం నాకు ఇష్టం లేదు, కానీ అది జరిగి రెండేళ్లే అయింది. పన్ను లెక్కల్లో అప్పటి జీతాలు 37 కోట్ల 47 లక్షల డాలర్లు, బేస్‌బాల్ అంతకు ముందెన్నడూ చూడని మొత్తం. దాని మీద పన్నే 10 కోట్లు దాటింది. మాక్స్ షెర్జర్‌కు ఏడాదికి 4 కోట్ల 33 లక్షలు, జస్టిన్ వెర్లాండర్‌కూ అంతే. ఇద్దరి వయసు కలిపితే డెబ్బై ఎనిమిది. మన చివరి ఇన్నింగ్స్ పిచర్ ఎడ్విన్ డియాజ్ మార్చిలో తన దేశం గెలిచిందని గంతులేస్తూ మోకాలు విరగ్గొట్టుకున్నాడు, ఆటలో కాదు, ఆట అయిపోయాక. చివరికి 75 విజయాలు, 87 ఓటములు. జూలై చివర్లో ఒకరిని, ఆగస్టు 1న ఇంకొకరిని, జీతంలో పెద్ద వాటా మీరే భరించి, టెక్సాస్ రాష్ట్రంలోని రెండు జట్లకు సాగనంపారు. షెర్జర్ వెళ్లిన జట్టు ఆ ఏడాదే వరల్డ్ సిరీస్ గెలిచింది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అని మా సామెత. ఇక్కడ అల్లుడి భోజనం పొరుగింటికి పంపి, విస్తరి ఖర్చు కూడా మనమే ఇచ్చాం.

మా హైదరాబాద్ క్రికెట్ జట్టు విషయంలో నేను ఇలాంటిదే ఒకటి చూశాను. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు మా డెక్కన్ చార్జర్స్‌లో గిల్‌క్రిస్ట్, గిబ్స్, అఫ్రిదీ, లక్ష్మణ్ ఉన్నారు. సైమండ్స్ ఒక్కడికే 13 లక్షల 50 వేల డాలర్లు, ఆ వేలంలో ధోనీ తర్వాత అదే పెద్ద ధర. కాగితం మీద చూస్తే భయమేసే జట్టు. పద్నాలుగు మ్యాచ్‌ల్లో రెండు గెలిచి ఆఖరి స్థానంలో నిలిచింది. నేను అప్పటికే ఇక్కడ ఉన్నాను. తెల్లవారుజామునే ఆఫీసుకు వెళ్తూ స్కోర్లు చూసుకుని మెట్స్‌ను తిట్టినట్లే వాళ్లనూ తిట్టేవాడిని. మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో అదే గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో కప్పు గెలిచారు. ఎలా? అందరికంటే ఎక్కువ వికెట్లు తీసిన ఆర్.పి. సింగ్ మన జట్టువాడు, 23 వికెట్లు. ప్రజ్ఞాన్ ఓఝా తోడయ్యాడు. మొదటి ఏడాది కూడా ఇద్దరూ అదే జట్టులో ఉన్నారు, ఎవరూ వాళ్ల బొమ్మలు గోడల మీద వేయలేదంతే. మా పెదనాన్న కొడుకు ప్రశ్న ఆ అనుభవం నుంచే వచ్చింది.

కాబట్టి ఈ చలికాలం మీరేం చేయబోతున్నారోనని భయంగా ఉంది. మీ వృత్తిలో, ఒక షేరు పడిపోతే అమ్మి ఇంకోటి కొంటారు. హెడ్జ్ ఫండ్ నడిపిన మనిషికి అది తప్పు కాదు. జట్టుకు ఆ సూత్రం వర్తిస్తే మాత్రం నష్టం మాది. ఓడిన జట్టును మార్చాలి, నిజమే. మార్చేటప్పుడు ఎక్కువగా కనిపించే మనుషులనే మారుస్తారు, ఎందుకంటే మార్చినట్లు అందరికీ కనిపించాలి కాబట్టి. అలాన్సో ఆ ఆదివారం రాత్రే తన ఒప్పందం నుంచి బయటికి వచ్చే హక్కును వాడుకుంటానని చెప్పేశాడు. డియాజ్‌కు కూడా ఆ వీలుంది. అలాన్సోను మనమే 2016లో ఎంపిక చేసుకున్నాం, మనమే పెంచుకున్నాం. 2019లో మొదటి ఏడాదే 53 హోమ్ రన్లు కొట్టాడు. కొత్త ఆటగాడెవరూ ఎప్పుడూ అన్ని కొట్టలేదు. ఈ ఆగస్టులో డారిల్ స్ట్రాబెరీ రికార్డు దాటి జట్టు చరిత్రలోనే మొదటివాడయ్యాడు. సెప్టెంబరులో మనం వరుసగా ఎనిమిది ఓడినప్పుడు, తొమ్మిదోది కాకుండా అదనపు ఇన్నింగ్స్‌లో హోమ్ రన్‌తో ఆపిందీ అతనే. ముప్పై ఏళ్లు దాటాయి, మొదటి బేసు దగ్గర చేతులు కాస్త మొద్దు, నాకు తెలుసు. జూన్ 12న సెంగా మీదుగా ఎత్తుకు విసిరింది కూడా అతనే, అదీ తెలుసు. మీ దగ్గర లెక్కలు వేసే వాళ్లు అయిదేళ్ల తర్వాత అతను ఎంత విలువ చేస్తాడో దశాంశాలతో చెబుతారు. 2024 అక్టోబరు 3 ఎంత విలువ చేస్తుందో కూడా వాళ్లను ఒకసారి అడగండి.

అతన్ని ఉంచుకోండి. డియాజ్‌ను ఉంచుకోండి. ఆ తర్వాత, ముందు కాదు, ఒక నిఖార్సయిన పిచర్‌ను తీసుకురండి. రెండేళ్ల గాయాల చరిత్ర ఉన్నవాణ్ని తక్కువకు దొరికాడని కాదు. మెక్‌లీన్, జోనా టాంగ్, బ్రాండన్ స్ప్రోట్, ఈ ముగ్గురికీ మార్చిలోనే చోటివ్వండి. టాంగ్ టెక్సాస్ మీద మొదటి ఇన్నింగ్స్ కూడా ముగించకుండా ఆరు పరుగులు ఇచ్చుకున్న రాత్రి నేను చూశాను. ఇరవై రెండేళ్ల పిల్లవాడు. పరవాలేదు, ఆ దెబ్బలు తినాల్సిందే. కాకపోతే ఏప్రిల్‌లో తిననివ్వండి, సెప్టెంబరులో కాదు.

స్టేడియం పక్కన పార్కింగ్ స్థలంలో మీరు కట్టాలనుకుంటున్న 800 కోట్ల డాలర్ల క్యాసినో గురించి నాకు పెద్దగా అభిప్రాయం లేదు. జూదం అంటే మా ఇంట్లో దీపావళికి పేకాట, అంతే. ఒక్క విన్నపం: అది వచ్చాక కూడా ఏడో నంబరు స్టేషన్ నుంచి స్టేడియం గేటుకు నేరుగా వచ్చే ఆ దారి అలాగే ఉండనివ్వండి. మొదటిసారి నా కూతుర్ని భుజాల మీద కూర్చోబెట్టుకుని నడిచింది ఆ దారిలోనే.

ఆ కూతురికి ఇప్పుడు పదమూడేళ్లు. వెనుక 20 అంకె, అలాన్సో పేరు ఉన్న చొక్కా ఒకటి ఉంది, ఈ ఏడాది చివరి మ్యాచ్ దాకా ఉతకనివ్వలేదు, ఉతికితే గెలుపు పోతుందని. ఆ ఆదివారం రాత్రి తనే తీసి వాషింగ్ మెషీన్‌లో వేసింది. ఆరాక మడతపెట్టి నా దగ్గరికి తెచ్చి, దీన్ని నా అలమరలో పెట్టుకోవాలా, అటక మీద పెట్టెలో వేయాలా అని అడిగింది. నేను చెప్పలేకపోయాను. ప్రస్తుతానికి అది మా భోజనాల బల్ల చివర, నా కుర్చీ పక్కన ఉంది. మీ నిర్ణయం తెలిశాక తీస్తాం.

ఇట్లు,
514వ సెక్షన్‌లో పైనెక్కడో కూర్చునే ఒక అభిమాని
ఎడిసన్, న్యూజెర్సీ
అక్టోబరు 2025